ఓటు పడిన పేట, పడని పేట

దేవుణ్ణి శంకించడం నాకు ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే రోజులలోనే అలవాటయింది. ఓటును మాత్రం ఏనాడూ శంకించలేదు. ఏళ్ళ తరబడి పార్లమెంటు గ్యాలరీలో కూర్చుని సభ్యుల ఆగడాలు కళ్ళారా చూస్తూ కూడ, వీరిని పంపినవాడు వేరు, వాని చేతిలోని ఓటు వేరు అనుకునేవాణ్ణి. ఆ నమ్మకం ఇటీవల సూరత్ నగరంలోని లింబాయత్‌లో కొంత సడలింది.

లింబాయత్ మనవారికి కొత్త కాదు. చేతిమగ్గం కూడు పెట్టక తెలంగాణ జిల్లాల నుంచి తరలిపోయిన పద్మశాలీలు అక్కడ దశాబ్దాలుగా మరమగ్గాల మీద బతుకుతున్నారు. మరాఠీ, ఒరియా, హిందీ మాటల నడుమ మన తెలుగూ వినిపిస్తుంది. మగ్గాల రొద వినిపించనిస్తే. బతుకమ్మ నాడు నాయకులు కూడ దర్శనమిస్తారట. యమపాశం తప్పించుకున్న మార్కండేయుడు మీ వంశానికి మూలమని పద్మశాలీలకే బోధిస్తారట! కూలి రేటు ప్రసక్తి మాత్రం రాదు.

సూరత్ ఒకే నగరమైనా లోక్‌సభ లెక్కలో ఒకే ముక్క కాదు. లింబాయత్, ఉధ్నా నవ్‌సారీ నియోజకవర్గంలోవి. కతార్‌గామ్, వరాఛా సూరత్‌లోవి. 2024లో సూరత్ కాంగ్రెస్ అభ్యర్థిని ప్రతిపాదించినవారే ఆ సంతకాలు తమవి కావన్నారు. నామినేషను చెల్లలేదు. మరి ఎనిమిది మంది తప్పుకున్నారు. ఏప్రిల్ 22న భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఎన్నికైనట్లు ప్రకటించారు. మిగిలినవాడు ఒక్కడే అయితే పోలింగు అక్కరలేదని 1951 నాటి చట్టం. 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన 'నోటా' మీటకు కూడ అక్కడ పని లేకపోయింది.

1977లో మన నీలం సంజీవరెడ్డిగారు పోటీ లేకుండానే రాష్ట్రపతి అయినారు. అప్పుడు ప్రధాన పక్షాలన్నీ ఒక మాట మీదికి వచ్చాయి. సూరత్ ఓటరును ఏ మాటా ఎవరూ అడగలేదు.

నవ్‌సారీలో మే 7న పోలింగు జరిగింది. సి.ఆర్. పాటిల్ 7 లక్షల 73 వేల పైచిలుకు ఆధిక్యంతో నెగ్గారు. ఆనాడు ఓటు వేసిన కరీంనగర్ పెద్దాయన ఒకరు నాకు టీ ఇప్పించి లెక్క చెప్పారు:

"వరుసల నిలబడి సగం పూట కూలి పోగొట్టుకున్న సార్. మా అల్లుడు కతార్‌గామ్‌ల ఉంటడు. ఆయనకు ఓటే లేకపాయె, దినమంత మగ్గం నడిపిండు. ఎంపీలు ఇద్దరికీ వచ్చిండ్రు. మీటరు కూలి ఇద్దరికీ ఒక్కటే. తెలివి ఎవరిది?"

ఆయన అంతటితో ఊరుకోలేదు. "1994ల ప్లేగు వచ్చినంక ఊరంత ఊడిపించిన కమిషనర్ రావుగారికి ఎవరు ఓటేసిండ్రు?" అన్నారు.

1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చి ఆ నగరం రూపు మార్చిన ఎస్.ఆర్. రావుగారి మాట అది. మంచి అధికారి రావడం మన అదృష్టం, చెడ్డవాడు వస్తే నిలదీయడానికి మనం పంపిన మనిషి ఒకడుండాలి కదా అన్నాను. పెద్దాయన కాదనలేదు, "పంపినోడు మళ్ళ కనపడాలె గద సార్" అన్నారు. గ్యాలరీలో కూర్చునే నాకు ఆ మాట కొట్టివేయడం సాధ్యం కాలేదు.

లేవబోతుండగా గోడ మీది మార్కండేయుని పటం వెనుక నుంచి తన ఓటరు కార్డు తీసి చూపారు. ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉన్నది. అంత భద్రమెందుకని అడిగాను.

"బ్యాంకుల అడుగుతరు సార్" అన్నారాయన.