మూకీలు పలికిన అబద్ధం

సినిమా పుట్టిన రెండేళ్లకే అందులో ముస్లిముకు ఒక వేషం సిద్ధమైంది. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి తమ చిత్రాలను ప్రదర్శించారు. 1897లో అదే దేశస్థుడైన జార్జ్ మెలియెస్ తీసిన ఒక లఘుచిత్రం పేరు ‘తమాషా ముసల్మాను’ అనే అర్థమిచ్చేది. ఆ చిత్రం నేడు లభ్యం కాదు. అయినా పేరే సాక్ష్యం చెబుతుంది: అక్కడ నవ్వులపాలైనది ఒక వ్యక్తి కాదు, ఒక మతస్థుడు. అదే ఏడాది ఆయన తీసిన మరో చిత్రం అంతఃపురంలో బానిసల విక్రయం గురించి. అప్పటికి ఫ్రాన్సు 1830 నుంచి అల్జీరియాను, 1881 నుంచి ట్యునీషియాను ఆక్రమించి ఉంది. తాను అణచిన ప్రజను మూఢులుగా, కాముకులుగా చూపడం ఏలేవాడికి ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు.

అమెరికాలో ఎడిసన్ సంస్థ 1896లో ఫాతిమా పేరుతో ప్రదర్శనలిచ్చే నర్తకి నాట్యాన్ని చిత్రించింది. ఆమె ఎదపైనా నడుముపైనా తెల్లని అడ్డుపట్టీలు గీసిన ప్రతి కూడా వచ్చింది. ఆ పట్టీలు దేహాన్ని కప్పాయి. ప్రవక్త (స) కుమార్తె పేరు వినోదపు సరుకు కావడాన్ని మాత్రం కప్పలేదు.

“కాలం అలాంటిది, అవి నిమిషం నిడివి సరదాలు” అని సర్దిచెప్పేవారికి మెలియెసే సమాధానం. దేశద్రోహిగా అన్యాయపు శిక్ష పడిన యూదు సైనికాధికారి డ్రేఫస్ ఉదంతాన్ని 1899లో ఆయన 11 చిన్న చిత్రాలుగా తీశాడు. డ్రేఫస్ తరఫు న్యాయవాది పాత్రను తానే ధరించాడు. అంటే, బాధితుని పక్షాన నిలవడం ఆ కెమెరాకు తెలుసు. లోపం కాలానిది కాదు, ఎంపికది.

ఆ ఎంపిక మూకీలతో ముగియలేదు. 2001లో జాక్ షాహీన్ తన గ్రంథంలో 900కు పైగా హాలీవుడ్ చిత్రాలను పరిశీలించి, అరబ్బులను సాటి మనుషులుగా చూపినవి అత్యల్పమని తేల్చాడు. మన తెలుగు తెరపైనా టోపీ, గడ్డం కనబడితే తరచుగా అతడు ఉగ్రవాది. కాకుంటే కథానాయకుని కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు. పాఠం చెప్పే ఉపాధ్యాయుడు, కరెంటు బిల్లు చూసి దిగులుపడే తండ్రి ఏరీ?

మనం కోరేది నిషేధం కాదు. ఆ పాత చిత్రాలను చూపండి. మెలియెస్ కనికట్టును మెచ్చుకునే తరగతిలోనే ఈ చరిత్రనూ చెప్పండి. ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లలతో సినిమా చూసినపుడు మూడు ప్రశ్నలు వేయాలి: తెరపైని ఈ ముస్లిముకు పేరుందా? పని ఉందా? ఇల్లుందా? మూడింటికీ లేదనే జవాబొస్తే, ఆ బొమ్మ తమది కాదని మన పిల్లలు గ్రహించాలి.