అకౌంట్ పోతే మళ్లా తెరుస్తం, ఆధార్ పోతే?



పోస్టు కొంచెం పెద్దగ ఉంటది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ పూర్తిగా చదవండి. నేను జహీరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఫోన్ గురించి, యాప్‌ల గురించి ఇంట్లో అడుగుదామంటే చెప్పేటోళ్లు లేరు. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. అందుకే నాకు అయిన అనుభవం మీ ముందు పెడుతున్న.

పోయిన తీజ్ పండుగకు మా తండాలో ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోసుకుంటూ పాడిన పాటలు వీడియో తీసి ఒక సోషల్ మీడియాలో పెట్టిన. మంచిగ చూసిండ్రు. బెంగళూరులో పని చేసుకునే మా తండావాళ్లు కూడా ఫోన్ చేసి సంతోషపడ్డరు. నాలుగో రోజు అకౌంట్ లాక్ అయింది. "మీరెవరో నిరూపించుకోండి, ప్రభుత్వ గుర్తింపు కార్డు ఫోటో పంపండి" అని వచ్చింది. అకౌంట్ పేరు మా తండా పేరు మీద ఉన్నది, ఆధార్‌లో పేరు వేరే.

మా హాస్టల్‌లో సిగ్నల్ మెట్ల దగ్గరే వస్తది. రాత్రి పది గంటలకు ఆ మెట్ల మీద కూర్చొని ఆధార్ రెండు వైపులా ఫోటో తీసి పంపిన. పేరు కలవలేదని తిప్పి కొట్టింది. కాలేజీ ఐడీ పంపిన. అదీ వద్దన్నది. ఆఖరికి కులం సర్టిఫికెట్ కూడా పంపిన. నాలుగు రోజులకు అకౌంట్ తెరుచుకున్నది. ఆ సంతోషంలో రూమ్‌లో అందరికీ చాయ్ తాగించిన.

తర్వాత స్కాలర్‌షిప్ పని మీద మీసేవకు పోవాల్సి వచ్చింది. కులం సర్టిఫికెట్ ఒరిజినల్ కావాలన్నరు. ఫోన్ చేస్తే మా బాపు బస్సెక్కి వచ్చిండు. మా ఇంట్లో కాగితాలన్నీ సందుగలో, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఉంటయి. పట్టా పాస్‌బుక్, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, అందరి ఆధార్‌లు. మీసేవలో ఇంకొక జిరాక్స్ కావాలంటే బాపు "ఎందుకు సార్, దేనికి?" అని అడిగిండు. నాకైతే సిగ్గనిపించింది. అందరి ముందు ఇట్ల అడుగుతాడేంది అనుకున్న. బయటికొచ్చినంక బాపు నన్ను ఒక్కటే అడిగిండు: "ఈ కాగితం నువ్వు ఇంకెవరికన్నా ఇచ్చినవారా?"

నేను జవాబు చెప్పలేకపోయిన.

ఆ రాత్రి ఫోన్ గ్యాలరీ ముందు పెట్టుకొని లిస్టు రాసిన. సిమ్ అమ్మేటాయన, రెండు జిరాక్స్ షాపుల వాట్సాప్ నంబర్లు, ఒక ఆన్‌లైన్ ఆట యాప్, ఇంటి నుంచి పని ఇప్పిస్తమన్న ఒక గ్రూపు, ఈ సోషల్ మీడియా. మొత్తం తొమ్మిది చోట్లకు నా ఆధార్ పోయింది. అందులో మూడు ఎందుకు ఇచ్చిన్నో నాకే యాదికి లేదు. వేలిముద్ర వేసే మా బాపు ఒక్క జిరాక్స్‌కు కారణం అడిగిండు. డిగ్రీ చదివే నేను తొమ్మిది చోట్ల ఒక్కసారి కూడా అడగలేదు.

నష్టం ఏమన్నా అయిందా అని మీరు అడుగుతరు. నాకు తెలిసి ఇప్పటిదాకా ఏం కాలేదు. కానీ పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటం, అకౌంట్ పోతే కొత్తది తెరుస్తం. ఆధార్ నంబర్, పుట్టిన తేదీ, కులం, వేలిముద్ర, మొహం మార్చుకునేటివి కావు. ఇయ్యాళ పోయిన ఫోటో ఐదేండ్ల తర్వాత ఎవరి చేతిలో తేలుతదో ఎవరూ చెప్పలేరు.

ఇది ఉత్త భయం కాదు. మన రాష్ట్రంలోనే జరిగింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను దొరికిండు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో జనం భూమి పత్రాలు ఉంటే వాటిని దింపుకున్నడు. వాటి మీద ఆధార్ నంబర్లు ఉన్నయి, వేలిముద్రలు ఉన్నయి. రబ్బర్ స్టాంపులు తయారు చేసే మిషన్‌తో ఆ వేలిముద్రల అచ్చులు తీసి, వాళ్ల పేర్ల మీద వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. ఎందుకంటే కంపెనీ టార్గెట్ అందుకోవడానికి. భూమి అమ్మినోళ్లు, కొన్నోళ్లు చేసిన తప్పేంది? ఆఫీసు అడిగిన చోట వేలు పెట్టిండ్రు, అంతే. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం వివరాలతో సహా బయటికి కనిపించినయి. ఇల్లు కోసం దరఖాస్తు పెట్టుకున్న పేదోళ్లు వాళ్లంతా.

సర్కారు దగ్గరే ఇట్లుంటే, సోషల్ మీడియా కంపెనీల దగ్గర భద్రంగ ఉంటదా? 2025 అక్టోబర్‌లో డిస్కార్డ్ అనే కంపెనీ, సుమారు 70,000 మంది పంపిన ప్రభుత్వ ఐడీ ఫోటోలు బయటపడి ఉండొచ్చని ఒప్పుకున్నది. వాళ్లలో చాలామంది తమ వయసు నిరూపించుకోవడానికి ఐడీ పంపినోళ్లే. పోయింది కూడా డిస్కార్డ్ సొంత కంప్యూటర్ల నుంచి కాదు, కస్టమర్ సర్వీస్ పని అప్పజెప్పిన ఇంకో కంపెనీ దగ్గర నుంచి. అంటే మనం ఒకరిని నమ్మి ఇస్తే, అది మనకు పేరు కూడా తెల్వని ఇంకొకరి చేతికి పోతది. అంతకుముందు 2025 జులైలో అమెరికాలో ఆడవాళ్ల కోసమని పెట్టిన టీ అనే యాప్ నుంచి సుమారు 13,000 సెల్ఫీలు, ఐడీ ఫోటోలు బయటికి పోయినయి. సెల్ఫీ చూసినంక తీసేస్తమని ఆ యాప్ ముందుగాల రాసిపెట్టింది. మోసపోకుండ కాపాడుతమని తీసుకున్న ఫోటోలే వాళ్లకు ముప్పు తెచ్చినయి.

ఇక మన గిరిజనుల విషయానికొస్తే ఇంకో చిక్కున్నది. వాళ్లు అడిగేది "ఐడీలో ఉన్నట్టే పేరు ఉండాలె" అని. మన ఐడీలు ఎట్లుంటయో మనకు తెల్వదా? ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పదో తరగతి మెమోలో ఇంకోటి, రేషన్ కార్డులో మరోటి. బానోత్ ఒక దాంట్ల బానోతు అయితది. పెద్దోళ్ల పుట్టిన తేదీ చూస్తే సగం తండా జనవరి 1 నాడే పుట్టింది! అమెరికా ఆదివాసులకు కూడా ఇదే అయింది. 2014, 2015లో వాళ్ల సొంత తెగ పేర్లను చూసి "ఇవి నిజమైన పేర్లు కావు" అని ఫేస్‌బుక్ అకౌంట్లు ఆపింది, రుజువు పంపమన్నది. తాతల కాలం నుంచి ఉన్న పేరుకు ఒక కంపెనీకి రుజువు చూపాల్నా? గొడవ అయినంక 2015 డిసెంబర్‌లో ఆ పద్ధతిని కొంత మార్చుకున్నది.

మనకు గుర్తింపు కాగితం విలువ వేరే. జహీరాబాద్ నుంచి బస్సెక్కితే గంటలో బీదర్. ఇక్కడ ఎస్టీగా ఉన్న లంబాడీ, సరిహద్దు దాటితే కర్ణాటకలో ఎస్సీ. మహారాష్ట్రకు పోతే విముక్త జాతి. మనిషి మారలేదు, భాష మారలేదు, కాగితం మారింది. ఆ కాగితం మీదనే హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, రేపటి ఉద్యోగం ఆధారపడి ఉన్నయి. దాని కోసం మన నాయినలు తహసీల్దార్ ఆఫీసు చుట్టు ఎన్నిసార్లు తిరిగిండ్రో మనకు తెలుసు. ఇంకా వెనక్కి పోతే, నేర జాతుల చట్టం కింద ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్తులని రిజిస్టర్‌లో ఎక్కించిండ్రు, వేలిముద్రలు తీసుకున్నరు, హాజరు వేయించుకున్నరు. ఆ చట్టం రద్దయింది 1952లో. పేరు, కులం, వేలిముద్ర ఒక్క చోట చేరితే ఏమైతదో మన పెద్దలు చూసినోళ్లే. కాబట్టి "దాచడానికి మన దగ్గర ఏమున్నది" అనే మాట మనం అనొద్దు.

ఇప్పుడు రెండో పక్క కూడా చెప్పాలె. మొన్న హాస్టల్‌లో ఈ ముచ్చట తీస్తే ఒక సీనియర్ అన్న అన్నడు: "తమ్మీ, మన ఆడపిల్లల ఫోటోలు పెట్టి ఫేక్ అకౌంట్లు తెరుస్తున్నరు. కులం పేరుతో బూతులు తిడుతున్నరు. అందరికీ ఐడీ తప్పనిసరి చేస్తే ఇవన్నీ ఆగుతయి కదా?" ఈ మాటను కొట్టిపారేయలేం. మా క్లాసులో ఒక చెల్లె ఇట్లనే ఫేక్ అకౌంట్ వల్ల నెల రోజులు కాలేజీకే రాలేదు.

కానీ ఆలోచించండి. మనం అకౌంట్ తెరిచేది ఫోన్ నంబర్‌తో. ఆ సిమ్ తీసుకునేటప్పుడే ఐడీ ఇచ్చినం. నేరం జరిగితే పోలీసులు కంపెనీని అడిగి ఆ నంబర్ దాకా పోవచ్చు. దొంగను పట్టుకునే దారి ఇప్పటికే ఉన్నది, దాని మీద కదలాలె. దాని కోసం అందరి ఐడీలు కంపెనీ గోదాంలో పోయాల్సిన పని లేదు. పైగా ధర్మారంలో చూసినం కదా, దొంగ ఇంకొకరి ఐడీతోనే వస్తడు. అందరి ఐడీలు ఒక్క చోట పెడితే ఆ దొంగకే ఎక్కువ ఐడీలు దొరుకుతయి. కేసు మాత్రం అమాయకుడి ఇంటికి వస్తది.

చట్టం ఏమంటదో కూడా తెలుసుకుందాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జిలు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చిండ్రు. కేసు వేసింది రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు. 2018 సెప్టెంబర్ 26న ఆధార్ తీర్పులో, ప్రైవేటు కంపెనీలు ఆధార్ వాడుకునేందుకు దారి ఇచ్చిన 57వ సెక్షన్‌ను ఆ మేరకు కొట్టేసిండ్రు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం 50 లక్షల పైన యూజర్లు ఉన్న సోషల్ మీడియా కంపెనీలు వెరిఫికేషన్ సౌకర్యం ఇవ్వాలె, కానీ అది యూజర్ ఇష్టం. బలవంతం కాదు. ఫోన్ నంబర్‌తో కూడా చేసుకోవచ్చు.

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. కంపెనీ మన డేటాను సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. వినడానికి మంచిగనే ఉన్నది. కానీ ఆ పైసలు సర్కారు ఖజానాకు పోతయి, నష్టపోయిన మనిషికి రావు. ఇంకొకటి, 18 ఏండ్ల లోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకొని, దాన్ని సరిచూసుకోవాలె. ఉద్దేశం మంచిదే. కానీ మన ఇండ్లల్ల ఏమైతది? ఆశ్రమ పాఠశాలలో చదివే చెల్లె కోసం బాపు ఐడీ కూడా కంపెనీకి పోతది, ఆ పని బాపు చెయ్యడు, చెల్లెనే బాపు ఫోన్‌లో చేసుకుంటది. అనుమతి ఇచ్చినట్టు బాపుకే తెల్వదు. చట్టం రాసేటోళ్లు ఒక ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటదని, అమ్మానాయినలకు చదువు రాకపోవచ్చని కూడా యాది పెట్టుకోవాలె. మన సంఘాలు ఈ మాట గట్టిగ అడగాలె.

అప్పటిదాకా మనం చేసుకోగలిగినవి చెప్తున్న. ఇవి నేను కూడా ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన.

ఐడీ అడిగే మెసేజ్ లింక్‌తో వస్తే ఆ లింక్ నొక్కొద్దు. యాప్ లోపలికి పోయి అక్కడ అడుగుతున్నరో లేదో చూడాలె. "24 గంటల్లో పంపకపోతే అకౌంట్ పోతది" అని తొందర పెట్టేది ఎక్కువ శాతం మోసమే.

ఆధార్ ఇయ్యక తప్పకపోతే మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యాలె. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తయి, ఆధార్ వెబ్‌సైట్‌లోనే దించుకోవచ్చు. కులం సర్టిఫికెట్ మాత్రం ఏ సోషల్ మీడియాకు పంపొద్దు. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

వేలిముద్రలను ఆధార్ యాప్‌లో లాక్ చేసుకోవచ్చు, పనున్నప్పుడు తెరుచుకోవచ్చు. అమ్మానాయినలవి కూడా చేయండి. కాకపోతే రేషన్‌కు పోయేటప్పుడు తెరవాలె, లేకుంటే వాళ్లు తిప్పలు పడతరు.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. మనవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయాలె. పైసలు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలె.

నీలి టిక్కు కోసం నెలకు వందల రూపాయలు కట్టి, మీదికెళ్లి ఐడీ ఇచ్చే తమ్ముళ్లకు ఒక్క మాట. ఆ టిక్కుతో మన పాట గొప్పది కాదు, అది లేకపోతే మన పాట ఆగదు.

ఆ అకౌంట్ నేను ఇంకా నడుపుతున్న. తీజ్ పాటలు అందులోనే ఉన్నయి, తీసేయబుద్ధి కాలేదు. కానీ మళ్లా లాక్ అయితే ఈసారి ఐడీ పంపను. వీడియోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకున్న. పెన్‌డ్రైవ్ బాపుకు ఇస్తే సందుగలో, కాగితాల కవర్ పక్కన పెట్టిండు. పెట్టేముందు "ఇదెందుకురా?" అని అడిగిండు. ఈసారి నా దగ్గర జవాబు ఉన్నది.

మీరు కూడా ఈ రాత్రి ఒక్కసారి గ్యాలరీ తెరిచి, మీ ఆధార్ ఎంతమందికి పోయిందో లెక్క రాయండి. ఎన్ని వచ్చినయో కింద కామెంట్‌లో అంకె ఒక్కటే పెట్టండి. ఐడీ ఫోటో మాత్రం పెట్టకండి!

జై సేవాలాల్.