ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదమ్మా!

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అన్నారు పెద్దలు. అన్నానికి అది నిజమే. కానీ కిందటేడు కనుమ నాడు మా అత్తగారి ఊళ్ళో, మేడ మీద బొగ్గుల పొయ్యిలో కోడిని కాలుస్తూ మా మరిది కూడా ఇదే సూత్రం పాటించాడు. ఏమైందో చెప్తాను, వినండి.

మా అత్తగారిది గుడివాడ దగ్గర పల్లెటూరు. కనుమంటే మాకు గారెలు, నాటుకోడి పులుసు. ఎన్నేళ్ళుగానో అంతే. ఆ ఏడు మా మరిది బెంగుళూరు నుంచి కారు డిక్కీలో గ్రిల్లు వేసుకొచ్చాడు. "వదినా, ఈ పూట మీ ఆడవాళ్ళందరికీ సెలవు. వంట మాది" అన్నాడు. ఆ సెలవు ఎలా గడిచిందో మీకు వేరే చెప్పాలా? నాలుగు కోళ్ళకీ పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, నిమ్మరసం కలిపి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచింది నేను. ఉల్లిపాయలు చక్రాలుగా తరిగింది మా తోడికోడలు. పుదీనా పచ్చడి నూరింది మా ఆడపడుచు. గిన్నెలూ పళ్ళేలూ మేడ మీదికి మోసిందీ, దించిందీ, తోమిందీ అందరం. మా మరిది విసనకర్రతో విసిరాడు, ముక్కల్ని అటూ ఇటూ తిప్పాడు, ఫొటోలు దిగాడు. చివరికి ఒక ముక్క చీల్చి చూసి "అయిపోయింది, పళ్ళేలు తెండి" అన్నాడు.

అతను చూసింది అంచున ఉన్న ఒక్క ముక్క. మా ఆడపడుచు కొడుకు, ఆరేళ్ళవాడు, తిన్నది మధ్యలో ఉన్న పెద్ద లెగ్ పీసు. మర్నాడు సాయంత్రానికి వాడికి వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. మూడు రోజులు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. ఆ చిన్న చేతికి సూది కట్టి ఉంటే చూడలేక నేను వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను.

అక్కడ మా అత్తగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మాయ్, మసాలా పట్టించింది నువ్వేనా? ఫ్రిజ్‌లో సరిగ్గా పెట్టావా?"

ఆ ప్రశ్న తప్పని నేననను, అడగవలసిందే. కానీ కాల్చింది ఎవరు, లోపలిదాకా కాలిందని ఎలా తెలుసుకున్నారు అని ఒక్కరూ అడగలేదు. కోడి వల్లే అని డాక్టరు కాగితం మీద రాసివ్వలేదు. కానీ మర్నాడు ఉదయం మిగిలిన లెగ్ పీసుల్లో ఒకటి నేను చీల్చి చూశాను. పైన నల్లగా మాడింది. ఎముక దగ్గర మాంసం జిగురుగా, చల్లగా, పచ్చిగా ఉంది. మెచ్చుకోళ్ళు కాల్చినవాడికీ, మాట పడటం కలిపినదానికీ. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

అందుకే ఇవాళ ఈ గొడవ పెట్టుకుంటున్నాను. ఇంట్లో గ్రిల్లు కొన్నవాళ్ళు మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు కూడా కొనాలి. కొనలేకపోతే గ్రిల్లు అటక మీద పెట్టి కూర వండుకోవాలి. నా మాట ఇంతే.

"మా అమ్మ ఏ థర్మామీటరు పెట్టి వండింది? చెయ్యి తిరిగిన ఇల్లాలికి ఇవన్నీ ఎందుకు?" అంటారు. ఈ మాట నేను చాలాసార్లు విన్నాను, ఒకప్పుడు అన్నాను కూడా. మా అమ్మ చేతి వంట గురించి ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోను. కానీ మా అమ్మ ఏం వండింది? పులుసు వండింది, ఇగురు వండింది. మన వంటలన్నీ నీళ్ళలో ఉడికే వంటలు. ఉడుకుతున్న నీళ్ళే ఒక థర్మామీటరు. బెజవాడలో నీళ్ళు తెర్లాయంటే 100 డిగ్రీలకు వచ్చినట్టే. ప్రెషర్ కుక్కర్లో అయితే ఇంకో ఇరవై డిగ్రీలు ఎక్కువ. ముక్క చుట్టూ అదే వేడి, అరగంటో ముప్పావుగంటో. నాటుకోడి అయితే ఇంకాసేపు. ఇందులో ముక్క పచ్చిగా మిగిలే దారే లేదు. అందుకే ఆవిడకు కొలత అవసరం రాలేదు. ఒక్క మెతుకు సామెత కూడా అందుకే నిజమైంది. ఒకే ఎసరులో ఉన్న మెతుకులన్నిటికీ ఒకటే వేడి.

నిప్పుల మీద అలా కాదు. బొగ్గు మధ్యలో ఒక వేడి, అంచున ఒక వేడి. గాలి విసురుకో లెక్క. పైన చర్మం మాడుతుంటే లోపల ఫ్రిజ్ చల్లదనం ఇంకా పోయి ఉండదు. రెక్క ముక్కకి సరిపోయిన సమయం తొడ ముక్కకి సరిపోదు. వంట పద్ధతి కొత్తది తెచ్చుకుని, చూసే పద్ధతి మాత్రం పాతది పట్టుకున్నాం. తప్పు అమ్మ చేతిది కాదు, మన తొందరది.

"రంగు చూస్తే తెలియదా?" అనేది రెండో మాట. మన మసాలాలో తెలియదు. పసుపూ కారం పట్టిన కోడి పచ్చిగా ఉన్నప్పుడే ఎర్రగా నోరూరిస్తూ ఉంటుంది. పైగా ఇప్పటి బ్రాయిలర్ కోడి ఆరు వారాల పిల్ల. దాని ఎముకలు లేతవి. మూలుగలోని ఎరుపు బయటికి దిగి, పూర్తిగా ఉడికిన ముక్క కూడా ఎముక దగ్గర గులాబీ రంగులో కనిపించవచ్చు. కీమా కబాబు దీనికి తిరగబడి: కావలసిన వేడి రాకముందే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎర్రగా ఉన్నది ఉడికి ఉండొచ్చు, గోధుమగా ఉన్నది పచ్చిగా ఉండొచ్చు. ఇక రంగును నమ్మి పిల్లలకు పెట్టేదెలా?

ఇంకో సంగతి మనం మర్చిపోకూడనిది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. కోడి ధర పడిపోయింది. భయం పోగొట్టడానికి అక్కడక్కడ చికెన్ మేళాలు పెట్టారు. ఆ రోజుల్లో పేపరు తీసినా టీవీ పెట్టినా ఒకటే మాట: "70 డిగ్రీల పైన ఉడికిస్తే ఏ భయమూ లేదు." మంచి మాటే. తర్వాత మార్చిలో పల్నాడు జిల్లా పాప, రెండేళ్ళది, ఆ వైరస్ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో రాశారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఆ తల్లిని అన్న మాటలు నేను విన్నాను. మళ్ళీ ఇక్కడ రాయలేను. కడుపుకోత పడ్డ మనిషిని అన్ని మాటలన్నవాళ్ళు తమ ఇంట్లో 70 డిగ్రీలు ఎలా కొలిచారట? 70 డిగ్రీలని అందరూ చెప్పారు. కొలిచే సాధనం వంటింట్లో ఉందా అని ఎవరూ అడగలేదు. అంకె చెప్పి కొలత ఇవ్వకపోతే అది జాగ్రత్త చెప్పడం కాదు, రేపు ఏదైనా జరిగితే నింద వెయ్యడానికి ముందే మనిషిని చూసి పెట్టుకోవడం.

మన ఇళ్ళల్లో కొలతలు లేవా? బంగారం పావు గ్రాము తేడా వస్తే కొట్టు దిగం. మా వారి కారు టైర్లలో గాలి కొలిచే మీటరుంది. బీపీ మిషనుంది. పిల్లాడి నుదురు వెచ్చగా ఉంటే చెయ్యి పెట్టి ఊరుకుంటామా, థర్మామీటరు పెట్టి చూస్తామా? మరి వాడి కడుపులోకి వెళ్ళే ముక్క దగ్గరకొచ్చేసరికి మాత్రం "అంచనాగా" ఎందుకు?

సరే, కొందామనుకున్నవాళ్ళకి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది చెప్తాను. మొదట గుండ్రటి ముఖం, ముల్లు తిరిగే రకం ఒకటి కొన్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ దాని పుల్ల రెండంగుళాల పైన లోపలికి దిగితేనే సరైన అంకె చూపిస్తుంది. పైగా ముల్లు నిలబడడానికి పావు నిమిషం దాటుతుంది. మన ముక్కలు రెండంగుళాల మందం ఎక్కడుంటాయి? అది పక్కన పెట్టేశాను. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పాదరసం గొట్టమైతే పగిలి ప్రమాదం కూడా. కరోనా రోజుల్లో కొన్న తుపాకీలాంటిది ఉంది కదా అంటారేమో. అది ఒంటి జ్వరానికే. వంటకని అమ్మే తుపాకీలైనా పైపై వేడే చూపిస్తాయి. మనకు కావలసింది లోపలి సంగతి.

కావలసింది సన్నని సూది ఉన్న డిజిటల్ రకం. కొన రెండు మూడు సెకన్లలో చెప్పేవి థర్మోకపుల్‌వి, ఖరీదు ఎక్కువ. అమెరికాలో మనవాళ్ళు చెప్పుకునే థర్మాపెన్ ఆ జాతిదే. పది సెకన్ల లోపు చెప్పే మామూలువి ఇంటికి చాలు, అయిదారు వందల నుంచే దొరుకుతాయి. కొనే ముందు అయిదు చూడండి: సూది కొన సన్నగా ఉందా, తేడా ఒక డిగ్రీకి మించదని రాశారా, అంకెలు పెద్దవిగా చీకట్లో కనిపించేలా వెలుగుతాయా, నీళ్ళు తగిలినా పాడవకుండా ఉంటుందా, తప్పు చూపిస్తే సరిదిద్దుకునే మీట ఉందా. బొమ్మలూ, ఫోనుకి కలిపే హంగులూ మనకొద్దు.

ఇంటికి రాగానే నమ్మెయ్యకండి, పరీక్ష పెట్టండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, ఖాళీల్లో నీళ్ళు పోసి, కలిపి, రెండు నిమిషాలాగి, గ్లాసుకు తగలకుండా సూది మధ్యలో ఉంచండి. సున్నా చూపించాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ పరవాలేదు. తెర్లే నీళ్ళలో మన బెజవాడలో 100 రావాలి. హైదరాబాదు ఎత్తులో ఉంది కనుక అక్కడ 98, బెంగుళూరులో 97 దగ్గర వస్తుంది. అంకె తగ్గిందని పాపం అక్కడి చెల్లెళ్ళు సామాను వాపసు పంపకండి.

వాడకం ఇదీ. ముక్కలో బాగా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా, పక్కనుంచి గుచ్చాలి. కోడికి 74 డిగ్రీలు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 అంటుంది, బ్రిటన్ వాళ్ళు 70లో రెండు నిమిషాలు ఉంచమంటారు. మూడు అంకెలు గుర్తు పెట్టుకోవడం కన్నా 74 అనుకుంటే గొడవ లేదు. కీమా కబాబులకు 71, పండుగప్ప లాంటి చేపకు 63. ఒక ముక్క చూసి ఆగకండి. మధ్యలోది, అంచుది, అన్నిటికన్నా పెద్దది చూడండి. గుచ్చిన ప్రతిసారీ సూది సబ్బునీళ్ళ గుడ్డతో తుడవాలి, లేకపోతే పచ్చి ముక్క క్రిములు ఉడికిన ముక్కలోకి మనమే ఎక్కించినవాళ్ళమవుతాం.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ సూది అన్ని తప్పులూ కాయదు. కోడిని గంటల తరబడి ఎండలో వదిలేస్తే కొన్ని క్రిములు కక్కే విషం తర్వాత ఎంత కాల్చినా పోదు. పచ్చి ముక్కలు తెచ్చిన పళ్ళెంలోనే కాల్చినవి పెట్టకూడదు. ఆ కనుమ నాడు మేం అదీ చేశాం, ఆ పళ్ళెం అందించింది నేనే. నా వాటా తప్పు నాదే. అందుకే చెప్తున్నాను.

"గుచ్చితే రసం కారిపోతుంది" అని మా వారు అన్నారు. సూది బెజ్జంలోంచి కారేది రెండు చుక్కలు. పచ్చిగా ఉందేమోనన్న భయంతో ఇంకో పావుగంట కాల్చి కొబ్బరిపీచు చేస్తే పోయేది అంతా. 74 రాగానే దించిన బ్రెస్ట్ ముక్క తిని చూడండి, ఎంత మెత్తగా ఉంటుందో. మా వారు ఇప్పుడు రసం మాట ఎత్తడం లేదు.

ఈ సంక్రాంతికి మా మరిది మళ్ళీ గ్రిల్లు తెచ్చాడు. నేను మసాలా పట్టించాను, పట్టించనని భీష్మించుకోలేదు. కానీ మేడ మెట్ల దగ్గర నిలబడి థర్మామీటరు అతని చేతిలో పెట్టాను. "బాబూ, కాల్చేవాళ్ళే కొలవాలి. అంకె పైకి చదివి వినిపించాకే పళ్ళెం వస్తుంది" అన్నాను. నవ్వాడు. మొదటి లెగ్ పీసులో గుచ్చాడు. పైన ఎర్రగా కాలి నోరూరిస్తోంది.

"యాభై ఎనిమిది, వదినా" అన్నాడు. ఇక నవ్వలేదు. మా ఆడపడుచు కొడుకుని దగ్గరికి లాక్కుని అలాగే నిలబడింది. ఇంకాసేపు విసిరాక, "డెబ్భై ఆరు" అని వాడే చదివాడు, మావయ్య చేతిలోంచి లాక్కుని.

అప్పుడు పంపాను పళ్ళెం. వేరే పళ్ళెం.