ఆదివారం భక్తికి శనివారమే పరీక్ష

దేవుణ్ణి ఘనపరచాలని మా సంఘాల్లో ప్రతి ఆదివారం వింటాం. పాటలో, ప్రార్థనలో, కానుకలో ఆయన్ని ఘనపరుస్తున్నామనీ నమ్ముతాం. నమ్మాల్సిందే. కానీ మన దగ్గర పనిచేసిన మనిషికి శనివారం సాయంత్రం కూలి చేతికందకపోతే, మర్నాడు పొద్దున మనం పాడే స్తుతి దేవుడి చెవిన పడదు. నేను ఒంగోలు ప్రాంతంలో తాపీ మేస్త్రిని. మా నాన్నా తాపీ పట్టినవాడే. బాప్టిస్టు సంఘంలో పెరిగాను. బైబిల్లో కూలి గురించి ఎంత ఉందో పనిలో దిగాకే నాకు కనిపించింది.

మా పనిలో లెక్క వారానికోసారి. శనివారం సాయంత్రం గమేళాలు కడిగి బోర్లించి, కాళ్లు చేతులు కడుక్కుని అందరూ ఇసుక గుట్ట దగ్గర కూర్చుంటారు. ఒక్కోసారి ఓనరుగారు ఫోన్ ఎత్తరు. ఎత్తితే "సోమవారం చూద్దాంలే మేస్త్రీ" అంటారు. ఆయనకది రెండు రోజుల ఆలస్యం. మాలు అందించే ఆడమనిషికి మాత్రం ఆ రెండు రోజుల్లోనే కిరాణా కొట్టు బాకీ తీర్చాలి, డ్వాక్రా వాయిదా కట్టాలి, ఆదివారం పిల్లలకి కూరైనా వండాలి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కూలివాడి జీతం ఏ రోజుదారోజు పొద్దుగుంకక ముందే ఇచ్చేయమంటుంది. స్వజనుడైనా పరదేశి అయినా తేడా చూపొద్దంటుంది. బీదవాడు ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా చెబుతుంది. ఈ రోజున సెంట్రింగ్ పనికి బీహారు నుంచీ ఒడిశా నుంచీ వస్తున్న కుర్రాళ్లే మన పరదేశులు. భాష రాదు, గట్టిగా అడగలేరు. అందుకే ముందు వాళ్ల డబ్బులే ఆగుతాయి.

ఇళ్లు కట్టుకునే ప్రతి విశ్వాసీ యిర్మీయా 22వ అధ్యాయం ఒకసారి చదవాలి. యెహోయాకీము రాజు విశాలమైన మేడ కట్టుకున్నాడు. పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు. పనివాళ్లకి మాత్రం కూలి ఇవ్వలేదు. ప్రవక్త నిలదీశాడు. నీ తండ్రి యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, అయినా బీదలకి న్యాయం చేశాడు, దేవుణ్ణి ఎరగడమంటే అదే అన్నాడు. మందిరానికి ఎన్నిసార్లు వెళ్లాడన్న లెక్క అక్కడ రాలేదు. కూలి లెక్కే వచ్చింది.

కూలి ఇచ్చే చేతికే కాదు, పనిచేసే చేతికీ ఇదే నియమం. మా పనిలో సగం కంటికి కనిపించదు. రాత్రి మిగిలి గట్టిపడిన మాలు మీద పొద్దున్నే నీళ్లు చల్లి మళ్లీ కలిపి గోడకి వాడినా ప్లాస్టరింగ్ అయ్యాక ఎవరికీ తెలీదు. శ్లాబు రోజున కాంక్రీటులో రెండు బక్కెట్లు నీళ్లు ఎక్కువ పోస్తే తేలిగ్గా జారుతుంది, పని త్వరగా తెములుతుంది, పైకి నున్నగానే కనిపిస్తుంది, బలం మాత్రం పోతుంది. స్తంభంలో ఊచల చుట్టూ కనీసం 40 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. కవరు బ్లాకులు పెట్టకుండా పోసేస్తే ఆ రోజు ఏమీ కాదు. మాది సముద్రపు గాలి తగిలే చోటు. కొన్నేళ్లకి ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. అప్పటికి మేస్త్రి ఎక్కడుంటాడో! అందుకే నేను కాంక్రీటు పోసే ముందు టార్చిలైటు పట్టుకుని ప్రతి సెంట్రింగ్ పెట్టెలోకీ వంగి చూస్తాను. శ్లాబు మీద మడులు కట్టించి కనీసం పది రోజులు నీళ్లు నిలబెట్టిస్తాను. నజరేతులో వడ్రంగం చేసిన ప్రభువుకి ఈ పని తెలుసు. ఇంజనీరు చూడని చోట చేసిన పనిని ఆయన చూస్తాడు. అదే నా ఆరాధన.

నీతి పనులతో రక్షణ రాదు, కృప వల్లే కదా అని మా వాళ్లే అంటారు. నిజం. జక్కయ్య ఇంటికి యేసు ముందే వచ్చాడు, జక్కయ్య ఏ లెక్కా సరిచేయకముందే. కానీ ఆయన గడప దాటాక జక్కయ్య కూర్చోలేకపోయాడు. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడ్డాడు. కృప ఇంట్లోకి వస్తే లెక్కల పుస్తకం కూడా మారాలి.

మా ఒంగోలు సంఘాల చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిలో ఘోరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని పెట్టి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువ మంది మాదిగలు, ఊరు వెలివాడల్లో ఉంచిన మనుషులు. పనికి తగ్గ కూలి ఇచ్చిన చేతుల్ని వాళ్లు చూశారు. ఆ మనుషుల మనవళ్లం, మునిమనవళ్లం మనం. ఇప్పుడు మనమే కూలి ఎగ్గొడితే ఎలా?

ఇక చెప్పక తప్పని మాట ఒకటి. ఓ సంఘం వాళ్లు మందిరం పనికి పిలిచి, దేవుని పని కదా, కూలి తగ్గించమన్నారు. నా వంతు కానుక నేను ఇస్తానన్నాను, నా దగ్గర పనిచేసేవాళ్ల కానుకని వాళ్లని అడక్కుండా మీరెలా తీసుకుంటారన్నాను. వాళ్లలో వెంకన్న మొక్కు ఉన్నవాళ్లున్నారు, దర్గాకి వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల చెమటని దేవుని పేరు చెప్పి చవగ్గా కొనడం ఘనపరచడం కాదు, ఆయన పేరు చెడగొట్టడం.

సంఘ పెద్దలకి నా విన్నపం. మందిరం బడ్జెట్‌లో గోపురం, మైకు సెట్టు కంటే ముందు కూలి డబ్బు వేరుగా తీసిపెట్టండి. చట్టప్రకారం భవన నిర్మాణ కార్మికులుగా మీ సంఘంలోని కూలీలు పేర్లు నమోదు చేయించుకున్నారో లేదో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని చూడండి. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లందరికీ అది హక్కు. ఇల్లు కట్టించే విశ్వాసుల్ని, ఈ వారం కూలి ఇచ్చావా అని పేరుపెట్టి అడగండి. ఒక్క కూలీకైనా బాకీ ఉన్నంతకాలం ఆ మందిరానికి ప్రతిష్ఠ తేదీ పెట్టకండి.