విరామ వేళ: నాన్నగారి క్షవరపు కత్తి

గత మాసం ఈ శీర్షికలో పెరటి కరివేపాకును గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం పెరడు విడిచి అద్దం ముందుకు వద్దాము. కొద్ది వారాలుగా మా చెంపల మీది గాట్లను గమనించిన సహోద్యోగులు కొందరు “ఏం సార్, ఇంట్లో పిల్లిని పెంచుతున్నారా?” అని పరామర్శించారు. వారి ఆదరానికి కృతజ్ఞులము. మా ఇంట పిల్లి లేదు. ఉన్నది మా నాన్నగారి క్షవరపు కత్తి.

నాన్నగారు రైల్వేలో ఉద్యోగం చేసినంత కాలమూ, పదవీ విరమణ తరువాత కూడా, ప్రతి ఉదయం ఆ మడత కత్తితోనే గడ్డం గీసుకున్నారు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఆయన కుడి చేయి పడిపోయింది, మాట కూడా చాలావరకు పోయింది. అప్పటి నుండి మాతోనే క్వార్టర్సులో ఉంటున్నారు. ఆయన గడ్డం గీసే పని మాది. ఒక ఆదివారం పాత ట్రంకు పెట్టె సర్దుతుండగా నల్లని పిడి గల ఆ కత్తి బయటపడింది. ఉక్కు మీద జర్మనీ దేశపు కత్తుల పట్టణమైన సోలింగెన్ పేరు ఇంకా చదవగలిగేటట్లే ఉంది. నాన్నగారి ఎడమ చేతి చూపుడు వేలు ముందు కత్తిని చూపింది, తరువాత మమ్మల్ని చూపింది. అంతకు మించి వివరణ అవసరం లేకపోయింది.

ఇటువంటి కత్తి ఒకప్పుడు లోకమంతటా వాడుకలో ఉండేది. అమెరికాలో కింగ్ జిల్లెట్ 1903లో మార్చుకునే బ్లేడు గల సేఫ్టీ రేజరును విపణిలోకి తెచ్చినప్పుడు ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. తరువాత కథ తిరగబడింది. మా తరం వారు గడ్డం మొలిచినది మొదలు సేఫ్టీ రేజరునే పట్టుకున్నాము. అందులో కోణాన్ని యంత్రమే నిర్ణయిస్తుంది, పదును పోతే బ్లేడును పారవేస్తాము. మడత కత్తిలో ఈ రెండు బాధ్యతలూ మనిషివే. ఈ సంగతి మాకు మొదటి రోజు తెలియదు.

మొదటి ప్రయత్నాన్ని దాచకుండా చెబుతాము. ముఖం తడిపి, నురుగు పట్టించి, కత్తిని చెంప మీద ఆనించి లాగాము. రోమాలు తెగలేదు, పీక్కుపోయాయి. తెగడం లేదు గదా అని కొంచెం నొక్కాము. ఇంకా తెగకపోతే ఇంకొంచెం నొక్కాము. అంతలో కర్మాగారం సైరను మోగింది. తల అటు తిరిగింది, కత్తి ఇటే ఉంది. దవడ కింద అంగుళం పొడవున గాటు పడింది. మా శ్రీమతి పటిక ముక్క తెచ్చి ఇస్తూ “ఏమండీ, ఫ్యాక్టరీలో అందరికీ భద్రతా సూత్రాలు బోధించేది మీరే కదా?” అన్నారు. సమాధానం చెప్పడానికి మా దవడ సహకరించలేదు.

ఆ సాయంత్రం కత్తిని జేబులో పెట్టుకొని, టూల్ రూములో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మిత్రుని ఇంటికి వెళ్లాము. ఆయన భూతద్దం పెట్టి వాదరను ఆ చివర నుండి ఈ చివర వరకు పరీక్షించి, “మొద్దుబారిన టూలుతో లేత్ మీద పని చేస్తే జాబు ఎలా వస్తుంది సార్? మీరు చేతిని తిడుతున్నారు, తప్పు వాదరది” అన్నారు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్నందున వాదర మీద కంటికి ఆనని తుప్పు, సన్నని పెచ్చులు ఉన్నాయి. పదును లేని చోట మనిషి బలం వాడతాడు, బలం వాడిన చోట గాయమవుతుంది. మేము ఈ విషయంలో నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

ఇక్కడ ఉక్కుతో పరిచయం గల మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. వెంట్రుక రేజరు ఉక్కు కన్నా సుమారు 50 రెట్లు మెత్తనిది. అయినా బ్లేడు ఎందుకు మొద్దుబారుతుంది? అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు దీనిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 2020లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. వాదర కేవలం అరిగిపోవడం లేదు, అక్కడక్కడ పెచ్చులు లేస్తున్నది. వంగిన వెంట్రుక వాదరను ఒక పక్కకు నెట్టినప్పుడు, సరిగా అక్కడే ఉక్కు అంతర్నిర్మాణంలో ఎగుడుదిగుడు ఉంటే, ఆ చోటు విరుగుతుంది. వారు పరీక్షించినవి మార్చుకునే బ్లేడ్లే. కాని మాకు అందులో ఒక హెచ్చరిక కనబడింది. మెత్తనిదని అలుసు చేయరాదు, వెంట్రుకను బాగా నానబెట్టి గాని కత్తి పెట్టరాదు.

టూల్ రూము మిత్రుడు రెండు సాయంత్రాలు వెచ్చించి కత్తిని సానపట్టి ఇచ్చారు. 1000 నంబరు రాయితో మొదలుపెట్టి, క్రమంగా సన్నని రాళ్లకు వెళ్లి, 8000 నంబరు రాయితో ముగించారు. ఈ పని కొత్తవారు స్వయంగా చేయబోవద్దని మా మనవి. వీపు, వాదర రెండూ రాయి మీద సమంగా ఆనాలి. ఒక్కసారి కోణం చెడితే సరిచేయడం కష్టం. ఇది రోజూ చేసే పని కూడా కాదు, కొన్ని మాసాలకు ఒకసారి చాలు.

రోజూ చేయవలసినది తోలుపట్టీ మీద కత్తిని తిప్పడం. దీనిని మన టౌన్‌షిప్ మార్కెట్టులోని వృద్ధ క్షురకుని వద్ద నేర్చుకున్నాము. ఆయనది మూడు తరాల వృత్తి. ఒకరి రక్తం మరొకరికి అంటితే హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. వంటివి సోకే ప్రమాదం ఉన్నందున ఖాతాదారులకు ఆయన ప్రతిసారీ కొత్త సగం బ్లేడు బిగించే కత్తినే వాడతారు. కాని తండ్రిగారి పాత కత్తి ఆయన పొదిలో ఇప్పటికీ భద్రంగా ఉంది. మా కత్తిని చూడగానే ఆయన ముఖం వికసించింది.

“సార్, తోలు మీద వీపు ముందు నడవాలి, వాదర వెనుక రావాలి. చివరికి వచ్చాక కత్తిని వీపు మీదనే పొర్లించాలి. వాదర మీద పొర్లించారో, తోలు తెగుతుంది” అని చెప్పి, తోలును బిగువుగా పట్టి చూపించారు. వదులుగా పడితే వాదర గుండ్రబడుతుందట. కత్తి బరువు కన్నా ఎక్కువ బలం పెట్టకుండా, గడ్డం గీసే ముందు ముప్పై, నలభై సార్లు తిప్పితే చాలునన్నారు. ఇంత విని వచ్చి కూడా మూడవ రోజు తొందరలో వాదర మీద పొర్లించి తోలును కోసిన ఘనత మాది.

పక్క గదిలో కుర్చీలో కూర్చున్న నాన్నగారు ఈ అభ్యాసమంతా వింటూ ఉండేవారు. వింటూ అనడంలో అతిశయోక్తి లేదు. కత్తి తోలు మీద సమంగా ఆనితే ఒకే శ్రుతిలో మెత్తని శబ్దం వస్తుంది. వీపు లేచిపోతే శబ్దం గరుకవుతుంది. అలా గరుకైన ప్రతిసారీ చేతికర్రతో నేల మీద ఒక దెబ్బ వినిపించేది. మాట పోయిన తరువాత ఆయన మాకు ఏదైనా నేర్పడం అదే మొదటిసారి.

ఇక గీయడం. వృద్ధ క్షురకుడు చెప్పినవి, మేము అనుభవించినవి కలిపి చెబుతాము. స్నానానంతరం గాని, వేడినీటి తువాలును రెండు మూడు నిమిషాలు ముఖం మీద ఉంచి గాని మొదలుపెట్టాలి. నీరు పీల్చిన వెంట్రుక తేలికగా తెగుతుంది. నురుగు పలుచగా జారిపోరాదు, ఎండిపోరాదు. ఎండితే మళ్లీ పట్టించాలి. గీయడానికి ముందు, పొడి చర్మం మీద వేళ్లతో నిమిరి రోమాలు ఏ దిశకు వాలి ఉన్నాయో తెలుసుకోవాలి. చెంప మీద కిందికి వాలినవి మెడ మీద పక్కకో పైకో వాలవచ్చు. కొత్తవారు వాలిన దిశలోనే గీయాలి, ఎదురు దిశను చాలా కాలం వరకు తలపెట్టరాదు.

కత్తి మెడ మీద మూడు వేళ్లు, మెడ అడుగున బొటనవేలు, తోక మీద చిటికెన వేలు ఉండాలి. కత్తిని చర్మం మీద బల్లపరుపుగా ఆనించి, వీపును సుమారు 30 డిగ్రీలు, అనగా లంబకోణంలో మూడవ వంతు, పైకి లేపాలి. అంతకు మిక్కిలి తగ్గితే రోమాలు పీక్కుపోతాయి, మిక్కిలి పెరిగితే చర్మం తెగుతుంది. రెండవ చేతికి కూడా పని ఉంది. అది చర్మాన్ని బిగువుగా లాగి పట్టాలి. వదులైన చర్మం వాదర ముందు ముడుత పడుతుంది, ఆ ముడుతే తెగుతుంది. గీతలు అంగుళానికి మించరాదు. అన్నిటికన్నా ముఖ్యం, కత్తి ఎప్పుడూ వాదరకు అడ్డంగానే కదలాలి. వాదర పొడవు వెంట రవ్వంత జారినా అది కూరగాయ తరిగే కోత అవుతుంది.

“బలం భుజంలో ఉంచకండి సార్. బరువు కత్తిదే ఉండనివ్వండి” అన్నారు ఆయన. ఈ మాట అర్థమైనదని అనుకోవడానికి ఒక రోజు, చేతికి అర్థం కావడానికి ఆరు వారాలు పట్టింది. గీస్తున్నప్పుడు పీకినట్లు అనిపిస్తే నొక్కడం కాదు, ఆగడం నేర్చుకోవాలి. ఆగి కోణం చూడాలి, నురుగు చూడాలి, చర్మపు బిగువు చూడాలి. మూడూ బాగుంటే మళ్లీ తోలుపట్టీ వద్దకు వెళ్లాలి.

ముఖమంతా ఒకేనాడు గీయాలనుకోవడం మా రెండవ పొరపాటు. దానిని దిద్దుకొని మొదటి రెండు వారాలు కుడి చెంప మాత్రమే గీసి, మిగిలినది సేఫ్టీ రేజరుకు వదిలాము. తరువాత ఎడమ చెంప, ఆ పైన మెడ. వంపులు గల గడ్డపు మొన, పై పెదవి అన్నిటికన్నా చివర. ఉదయం షిఫ్టు ఉన్ననాడు కత్తి ముట్టుకోలేదు. వారాంతపు సెలవు నాడు, తలుపు గడియ వేసుకొని, తీరికగా అరగంట కేటాయించాము. నిదానమే ప్రధానమని చిన్ననాట వల్లె వేసిన మాటకు ఇన్నేళ్లకు అర్థం తెలిసింది.

భద్రతా విషయాలు మరువరాదు. కత్తి చేయి జారితే పట్టుకోబోవద్దు, కాళ్లు వెనక్కు తీసుకొని పడనివ్వండి. పని ముగియగానే కడిగి, పూర్తిగా తుడిచి, ఒక చుక్క కుట్టుమిషను నూనె రాసి, పిల్లలకు అందని చోట తాళంలో ఉంచండి. తడిగా మడిచిన కత్తికి తుప్పు పడుతుంది. ఒకరి కత్తిని మరొకరు వాడరాదు. చేయి వణికేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఈ ముచ్చటకు దూరంగా ఉండడం శ్రేయస్కరం.

ఈ చివరి వాక్యం రాయడం మాకు సులభం కాలేదు. మూడవ నెలలో ఒక ఉదయం ముఖమంతా కత్తితోనే గీసుకొని, ఒక్క చుక్క రక్తం లేకుండా నాన్నగారి ముందు నిలిచాము. ఆయన ఎడమ చేతితో మా చెంప నిమిరారు. దవడ కిందికి వచ్చేసరికి వేలు ఆగింది, కనుబొమ పైకి లేచింది. అక్కడ నాలుగు రోమాలు మిగిలి ఉన్నాయి. తిరిగి వెళ్లి నురుగు పట్టించి తీసి వచ్చాము. ఈసారి తల ఊపారు. తరువాత వేలితో కత్తిని చూపి, తన గడ్డాన్ని చూపారు.

ఆయన రోజూ రక్తం పలుచబడే మందు తీసుకుంటున్నారు. “వద్దు నాన్నగారూ, గాటు పడితే రక్తం తొందరగా ఆగదు” అన్నాము. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆ పూట గడ్డం గీయించుకోలేదు. మాకు బాధ కలిగింది, కాని చేయి కొంత వచ్చినంత మాత్రాన ఆ సాహసం మాకు తగదు. ఎక్కడ ఆగాలో కూడా ఆ కత్తే నేర్పింది గదా.

మరునాడు తోలుపట్టీని ఆయన కుర్చీ పక్కనున్న కిటికీ ఊచకు కట్టాము. కత్తిని నలభై సార్లు తిప్పాము. కళ్లు మూసుకొని విన్నారు. చేతికర్ర ఒక్కసారి కూడా నేలను తాకలేదు. ఆ తరువాత సేఫ్టీ రేజరు తీసుకున్నాము. ఈసారి ఆయన తలను మావైపు తిప్పి, గడ్డం పైకెత్తి పట్టారు. ఇప్పుడు మా ఇంట ప్రతి ఉదయం ఇదే క్రమం.

వచ్చే మాసం మరొక విషయంతో కలుసుకుందాము. అంతవరకు సెలవు.