ఈసారికి ఫుల్ వద్దు, నెమ్మదిగా పరిగెత్తండి

ఎండలు తగ్గి జూన్ వచ్చిందంటే చాలు, ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో ఓ లింక్ తిరగడం మొదలవుతుంది. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి టీమ్ అంతా కలిసి రిజిస్టర్ అవుదామని. టీషర్టు వస్తుంది, మెడల్ వస్తుంది, ఫొటోలు బాగుంటాయి. అంతలో ఒకరు లేచి ‘10కె ఏంటి బ్రో, కొడితే ఫుల్లే కొట్టాలి’ అంటారు. అప్పటిదాకా బస్సు కోసం తప్ప పరిగెత్తని నలుగురు చేతులెత్తేస్తారు. మీరు ఆ నలుగురిలో ఒకరైతే, డబ్బు కట్టే ముందు ఓ ఐదు నిమిషాలు ఇది చదవండి. పరుగు మానమని చెప్పడం లేదు. మొదలుపెట్టిన ఏడాదే ఫుల్ మారథాన్ వద్దంటున్నా, అంతే.

ఎందుకో లెక్కలోనే ఉంది. ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది, మధ్యలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ పోవాలి. కిలోమీటరుకి 7 నిమిషాల చొప్పున ఎక్కడా ఆగకుండా వెళ్లినా 4 గంటల 55 నిమిషాలు. పరిగెత్తేటప్పుడు కిలోమీటరుకి మనం సుమారుగా మన బరువెంతో అన్ని కేలరీలు ఖర్చు చేస్తాం. అంటే 70 కిలోల మనిషికి దాదాపు 2,950. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకున్నది మహా అయితే 2,000 దాకా ఉంటుంది. మిగతాది కొవ్వు కరిగి రావాలి, లేదా దారిలో తినాలి. కొవ్వు అందరి దగ్గరా దండిగానే ఉంటుంది కానీ, దాన్ని వేగంగా వాడుకోవడం అలవాటు లేని శరీరానికి రాదు. అందుకే 30 కిలోమీటర్లు దాటాక చాలామంది ఉన్నట్టుండి నడకలోకి దిగిపోతారు. రన్నర్లు దీన్నే ‘వాల్’ అంటారు. అక్కడ మోటివేషన్ వీడియోలు పనిచెయ్యవు. ట్యాంకులో పెట్రోల్ లేకపోతే బండిని తిట్టి లాభం ఏముంది?

ఇంకో చిక్కు కూడా ఉంది, నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే. పరుగు మొదలుపెట్టిన ఆరేడు వారాలకే ఆయాసం తగ్గుతుంది. గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడతాయి. ఎముకలు, టెండాన్లు అలా కాదు, వాటికి నెలలు కావాలి. ఆయాసం లేదు కదా అని మీరు దూరం పెంచుకుంటూ పోతారు. మోకాలి కింద ముందు ఎముక నొప్పెడుతుంది, మడమ పట్టేస్తుంది. స్ప్రే కొట్టుకుని మళ్లీ పరిగెడతారు. మూడు నెలల్లో ఫుల్ కొట్టేద్దామని బయల్దేరినవాళ్లలో చాలామందికి ఆగస్టులో స్టార్ట్ లైన్ బదులు ఫిజియోథెరపిస్ట్ బల్ల కనిపించేది ఇందుకే.

మరి ఏం చెయ్యాలి? నెమ్మదిగా పరిగెత్తాలి. వినడానికి తేలికగా ఉంది కానీ, మన వయసువాళ్లకి ఇంతకంటే కష్టమైన పని లేదు. పక్కన ఎవరైనా దాటిపోతే చాలు, కాళ్లు వాటంతటవే వేగం అందుకుంటాయి. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం గ్రౌండ్‌లో 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసినవాళ్లకి ఇది మరీ ఇబ్బంది. అక్కడ నోరెండిపోయేలా పరిగెడితేనే ప్రాక్టీస్ చేసినట్టు. మారథాన్ ట్రైనింగ్ దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. స్టీఫెన్ సీలర్ అనే పరిశోధకుడు అంతర్జాతీయ స్థాయి అథ్లెట్ల ట్రైనింగ్ డైరీలు పరిశీలిస్తే, వాళ్ల సెషన్లలో దాదాపు 80 శాతం తేలికైన వేగంలోనే ఉన్నాయి. పతకాలు కొట్టేవాళ్లే అంత నెమ్మదిగా వెళ్తుంటే రోజూ చెమటలు కక్కాల్సిన అవసరం మనకేంటి?

తేలికైన వేగం అంటే ఎంత? పక్కనున్న ఫ్రెండ్‌కి నిన్న చూసిన సినిమా కథ ఆగకుండా చెప్పగలిగితే అది సరైన వేగం. ‘ఊఁ’, ‘ఆఁ’ అని మాత్రమే అనగలిగితే ఎక్కువైనట్టు. వాచీ ఉంది కదా అంటారేమో. గాడ్జెట్ల గురించే రాసుకునేవాణ్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నా: చాలా వాచీలు మొదట్లో వేసుకునే లెక్క 220 లోంచి మీ వయసు తీసెయ్యడం. అది జనం సగటు. మీ అసలు గరిష్ఠ హార్ట్ రేట్ దానికి పది, పన్నెండు బీట్లు అటో ఇటో ఉండటం మామూలే. దాని మీద కట్టిన జోన్లన్నీ అంతే తేడాగా ఉంటాయి. వాచీ కొనుక్కోండి, దూరం చూసుకోండి. ఒళ్లు చెప్పే మాట మాత్రం దానికి అప్పగించకండి. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తి చేశారు. ఆ జాతీయ రికార్డు నలభై ఏళ్లకు పైగా నిలిచింది. ఆయన చేతికి జీపీఎస్ లేదు, చాలాసార్లు కాళ్లకి బూట్లు కూడా లేవు. అలాగని మీరు బూట్లు మానకండి! ఇరవై వేలు దాటే కార్బన్ ప్లేట్ షూ మాత్రం మొదటి ఏడాది అక్కర్లేదు.

మొదట 5 కిలోమీటర్లు, నడుస్తూ పరిగెడుతూ. రెండు మూడు నెలలకి 10. ఆ తర్వాత హాఫ్, అంటే 21.1. హాఫ్ హాయిగా పూర్తి చేసి, మర్నాడు మెట్లు దిగగలిగితే అప్పుడు ఫుల్ గురించి మాట్లాడుకుందాం. వారానికి నాలుగు రోజులు చాలు, అందులో ఆదివారం ఒక్కటే లాంగ్ రన్. దాన్ని వారానికి ఒకటి, రెండు కిలోమీటర్ల చొప్పున పెంచి, నాలుగో వారం తగ్గించండి. మిగతా రోజుల్లో పది నిమిషాలు గుంజీలు, పిక్కల ఎక్సర్‌సైజులు. క్యాలెండర్ కూడా చూసుకోండి. ఆగస్టు రేసు అంటే ఏప్రిల్, మే ఎండల్లో ట్రైనింగ్. కొత్తవాళ్లకి చలికాలంలో వచ్చే విశాఖ రేసో, జనవరిలో ముంబై రేసో నయం.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. బ్యాచ్ మొత్తానికి టీషర్టులు పంచే కంపెనీయే రాత్రి 11 గంటలకి క్లయింట్ కాల్ పెడుతుంది. ఒంటి గంటకి పడుకుని నాలుగున్నరకి లేచి పరిగెత్తడం క్రమశిక్షణ కాదు. పరుగుతో అరిగినదాన్ని శరీరం బాగుచేసుకునేది నిద్రలోనే. నైట్ షిఫ్ట్ ఉంటే సాయంత్రం పరిగెత్తండి. ‘ఉదయం 5 గంటల క్లబ్’ వాళ్లు ఏమన్నా పట్టించుకోకండి. నిజంగా ఉద్యోగుల ఆరోగ్యం కోరే మేనేజర్లు టీషర్టు బదులు వారంలో రెండు రాత్రులు కాల్స్ లేకుండా చేస్తే అదే పదివేలు. అమ్మాయిలకి ఇంకో బాధ. చీకట్లో ఒంటరిగా రోడ్డు మీద పరిగెత్తమని ఏ ట్రైనింగ్ ప్లాన్ అయినా తేలిగ్గా చెప్పేస్తుంది, దాన్ని రాసినవాళ్లు మన రోడ్లు చూసి ఉండరు. నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు, విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట్ల ఉదయం గ్రూపులు దొరుకుతాయి. మీ ఊళ్లో లేకపోతే కాలేజీ గ్రౌండ్‌లో ముగ్గురు కలిసినా గ్రూపే.

రేసు రోజుకి మన భాషలో ఓ మాట: రెండు వారాల ముందే కోడ్ ఫ్రీజ్. దూరం తగ్గించెయ్యాలి, కొత్త ఫీచర్లేవీ వద్దు. కొత్త షూ, కొత్త జెల్, హోటల్లో కొత్త టిఫిన్ ఏదీ ఆ రోజు ప్రయోగించకూడదు. లాంగ్ రన్ ముందు ఇడ్లీ పడిందా, అరటిపండు పడిందా చూసుకుని అదే తినండి. నీళ్ల విషయంలో అతి కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువ ఉంది. దాహాన్ని మించి తాగి, పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లలో ఇది ఎక్కువ. దాహమేసినప్పుడు తాగండి, ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే, పరుగులో మీకెప్పుడైనా ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా, రిజిస్ట్రేషన్ కంటే ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఫుల్ ఎలా ఉంటుందో చూడాలన్న ఆశ ఆగకపోతే దానికీ దారుంది. ఈ ఆగస్టుకి వలంటీర్‌గా పేరు ఇవ్వండి. 35వ కిలోమీటరు దగ్గర నీళ్ల టేబుల్ అడిగి తీసుకోండి. అక్కడికి నవ్వుతూ వచ్చేవాళ్లని ఆపి, ఎన్నాళ్ల నుంచి పరిగెడుతున్నారో అడగండి.