28 అన్నారు, 18 వచ్చింది!

"ఏమిరా అల్లుడా, ఇంజనీరింగ్ చదివినోడివి గదా, ఇది 28 ఇస్తాదని చెప్తివి. 18 కూడా సరిగ్గా ఇచ్చేలేదు!"

పూతలపట్టు నుంచి మా మేనమామ ఫోన్. మామది తోతాపురి తోట. మామూలు పెట్రోల్ కారు కంటే దాదాపు మూడు లక్షలు జాస్తి పెట్టి స్ట్రాంగ్ హైబ్రిడ్ కొన్నారు, అదీ నా మాట విని. కాయకి ధర లేని ఏడాది ఆ మూడు లక్షలంటే ఏంటో తోట ఉన్నవాళ్లకి తెలుసు. మామ తిట్టారు, సరే. అత్తయ్య నాతో మాట్లాడ్డమే మానేసింది. ఇక లాభం లేదని శనివారం పొద్దున్నే బస్సెక్కాను.

ముందు ఆ 28 ఎక్కడిదో చూద్దాం. మన దేశంలో హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్లకి అధికారిక లెక్క లీటరుకి 27.97 కిలోమీటర్లు. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్‌కి 26.5. ఇవి రోడ్డు మీద తీసినవి కావు. లోపల రోలర్ల మీద కారుని నిలబెట్టి, ఇరవై నిమిషాల లోపు, సుమారు 11 కిలోమీటర్లు తిప్పుతారు. సగటు వేగం గంటకి 32 చిల్లర. ఎంత పోయినా 90 దాటదు. ఏసీ ఆఫ్! మే నెలలో పూతలపట్టులో ఏసీ ఆపి కారు నడిపే మనిషిని చూపించండి, దండం పెడతా.

ఈ బాధ మనకే కాదు. అమెరికాలో 2007 ప్రియస్ సిటీ మైలేజీ గ్యాలన్‌కి 60 మైళ్లు అని రాసేవాళ్లు. ఏసీ, స్పీడు, చలి కూడా టెస్టులో కలిపి లెక్క మార్చాక అదే కారు 48కి దిగింది.

మామ మైలేజీ లెక్క ఎలా వేస్తున్నారని అడిగితే నవ్వొచ్చింది. వెయ్యి రూపాయలకి కొట్టించడం, ముల్లు చూడడం, అంతే. అట్లా కాదు మామా అని, ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయించాను. మళ్లీ ఫుల్ చేసినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో దాంతో కిలోమీటర్లని భాగించాలి. స్క్రీన్ మీద కనిపించే అంకెని నమ్మి ఊరుకోవద్దు.

తర్వాత మామ పక్కన కూర్చుని తిరుపతి బయల్దేరాం. సుమారు 50 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది కదా, మామ కాలు తీయరు. 110. హైబ్రిడ్ ఆదా చేసేది ప్రధానంగా ఆగి ఆగి వెళ్లేచోట. బ్రేక్ వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని మోటర్ పట్టి బ్యాటరీలో దాస్తుంది, నిదానంగా పాకేటప్పుడు ఇంజన్ ఆపేస్తుంది. చంద్రగిరి దాకా బ్రేకే వేయని రోడ్డు మీద పట్టడానికి ఏముంది? పైగా 80లో పోయే బండికి ఎదురయ్యే గాలి ఒత్తిడి 110లో దాదాపు రెట్టింపు. ఆ గాలిని తోసేది పెట్రోలే. తిరుపతి ఊళ్లోకి వచ్చాక చూడండి, ట్రాఫిక్‌లో ఇంజన్ చప్పుడే లేదు. స్క్రీన్ మీద అంకె పైకి పాకుతోంది. మామ మొహం కూడా.

అలిపిరి దాటాం. ఘాట్ ఎక్కుతుంటే ఆ అంకె 10కి పడిపోయింది. మామ నా వైపు చూశారు.

"కిందికి దిగేటప్పుడు అంతా వెనక్కొస్తాది గదా?" అన్నారు. నేనూ అంతవరకు అట్లాగే అనుకునేవాణ్ని! దర్శనం క్యూలో కూర్చుని లెక్క వేశా. కారు, మేం నలుగురం కలిపి 1600 కిలోలు. కొండ ఎక్కినది 700 మీటర్లు అనుకుందాం. అంత బరువుని అంత ఎత్తుకి లేపడానికి పట్టే శక్తి దాదాపు 3 యూనిట్లు, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. ఇంజన్‌లో వృథా పోయేది కలుపుకుంటే దాదాపు 0.9 లీటరు పెట్రోల్. మరి ఈ రకం కార్ల బ్యాటరీ? హైరైడర్‌లో ఉన్నది 0.76 యూనిట్ మాత్రమే. అదీ పూర్తిగా వాడనివ్వరు. మూడు బిందెల నీళ్లు వస్తుంటే మన చేతిలో ఉన్నది చెంబు.

దిగేటప్పుడు అదే జరిగింది. సగం దారి కూడా కాకముందే బ్యాటరీ గీతలు నిండిపోయాయి. కాసేపటికి ఇంజన్ గట్టిగా ఊపిరి పీల్చినట్టు చప్పుడు. మామ కంగారుపడ్డారు. బండి చెడిపోలేదు, బ్యాటరీలో చోటు లేక, మిగిలిన శక్తిని ఇంజన్‌ని ఊరికే తిప్పి ఖర్చు చేస్తోంది. బ్రేకులు వేడెక్కకుండా అది మంచిదే. గేర్ లీవర్ దగ్గర 'బి' ఉన్న కార్లలో ఘాట్ దిగేటప్పుడు అది వాడాలి.

ఇంకో సంగతి. వెనక సీటు పక్కన చిన్న జాలీ కనిపించింది. కొన్ని హైబ్రిడ్లలో బ్యాటరీకి చల్లగాలి పోయే దారి అది. మామ దాని మీద గోనెసంచులు పెట్టేశారు. బ్యాటరీ వేడెక్కితే మోటర్ సాయం తగ్గిస్తుంది. తీయించాను. టైర్లలో గాలి కూడా తక్కువే ఉంది.

రాత్రి భోజనాలయ్యాక అసలు లెక్కకి కూర్చున్నాం. నెలకి 1000 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు. హైవే మీద నిదానంగా పోతే పెట్రోల్ కారు 16 ఇస్తుంది, హైబ్రిడ్ 22 అనుకుందాం. మిగిలేది నెలకి 1900 లోపు. మూడు లక్షలు తిరిగి రావడానికి 13 ఏళ్లు. అదే రోజంతా ఊళ్లో ట్రాఫిక్‌లో తిరిగే మనిషికి 10 ఇచ్చే ఆటోమేటిక్ బదులు 22 వస్తే నెలకి 6000 మిగులుతుంది, నాలుగేళ్లు చాలు. మామ తిరిగేది ఎక్కువగా హైవే. అంటే నేను 28 అంకె చూసి సలహా ఇచ్చానే గానీ, ఆయన ఏ రోడ్డు మీద తిరుగుతారో అడగలేదు. అత్తయ్య ముందే ఆ మాట ఒప్పుకున్నా. ఆవిడ ఏమీ అనలేదు. ఇంకో రెండు ముద్దలు వడ్డించింది.

మామ తర్వాత రెండు ఫుల్ ట్యాంకుల లెక్క రాసి వాట్సాప్‌లో పంపారు. తన పద్ధతిలో నడిపినప్పుడు 18.3. ఎనభై దాటకుండా నడిపినప్పుడు 22.4. కింద వాయిస్ మెసేజ్ కూడా ఉంది:

"మైలేజీ వచ్చిండాది సరే రా. ఆర్టీసీ బస్సు కూడా హారన్ కొట్టి దాటుకోని పోతా ఉండాది. సిగ్గయితాది నాకు!"